కంపెనీ పోయింది, కప్పులు ఎవరివి? – నా అనుభవం

“పాత లోహపు కప్పులు 61. చెక్క షీల్డులు 23. మొత్తం బరువు 74 కిలోలు. అంచనా విలువ 14,800 రూపాయలు.”

హిమాయత్‌నగర్‌లో ఒక ఆఫీసు మూడో అంతస్తులో కూర్చుని, మా క్లబ్బును నడిపిన కంపెనీ మూతపడ్డాక తయారైన వేలం లిస్టులో ఈ లైను మూడుసార్లు చదివాను. కుర్చీలు, టేబుళ్ళు, రెండు ట్రెడ్‌మిల్లులు, ఒక పాత బస్సు, వాటి కింద 17వ నంబరుగా మా కప్పులు. మనసులోనే భాగహారం చేశాను. కిలో రెండు వందలు. మా వీధిలోకి వచ్చే పాత సామాన్లతను ఇత్తడికి ఇంతకంటే ఎక్కువే ఇస్తాడు.

పక్కన చాచా కూర్చున్నారు. ఆయనకు చిన్న అక్షరాలు ఆనవు. “ఏం రాసిండ్రు బేటా?” అన్నారు.

“లిస్టుల ఉన్నయి చాచా” అన్నాను. రేటు చెప్పలేదు.

మాది తిరుమలగిరి వైపు ఒక చిన్న ఫుట్‌బాల్ క్లబ్బు. కొన్ని కాగితాలు ఇంకా నడుస్తున్నాయి కాబట్టి పేరు రాయడం లేదు. 1968లో రైల్వేవాళ్ళు, కంటోన్మెంటు టైలర్లు, ఇద్దరు స్కూలు టీచర్లు కలిసి పెట్టుకున్నారు. తులసీదాస్ బలరాం పుట్టి పెరిగిన అమ్ముగూడ మాకు దగ్గరే. 1956, 1960 ఒలింపిక్స్ ఆడినాయన, 1962లో జకార్తాలో ఆసియా బంగారు పతకం తెచ్చిన జట్టులో మనిషి. ఆ వైపు పిల్లలకు అప్పట్లో బంతి తప్ప ఇంకో ధ్యాస ఉండేది కాదని చాచా అంటారు. చాచా మా క్లబ్బుకు మొదట గోల్‌కీపరు, తర్వాత నలభై ఏళ్ళు సెక్రటరీ. నేను పన్నెండేళ్ళు లెఫ్ట్ బ్యాక్ ఆడి, మోకాలు పోయాక సాయంత్రాలు పిల్లలకు నేర్పడం మొదలుపెట్టాను.

2016లో ఒక పెద్దమనిషి వచ్చాడు. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ పెడదామన్నాడు. టర్ఫ్ గ్రౌండ్ లీజుకు తీసుకుందాం, అకాడమీ నడుపుదాం, నెల జీతాలిద్దాం అన్నాడు. మా కమిటీ చప్పట్లు కొట్టి సంతకాలు పెట్టింది. నేనూ పెట్టాను, నాకు నెలకు 18,000 వస్తాయంటే ఎందుకు పెట్టను? చాచా ఒక్కరే మూలన కూర్చుని ఏదో నోట్‌బుక్‌లో రాసుకుంటున్నారు. ముసలాయన ఛాదస్తం అనుకున్నాం.

నాలుగేళ్ళు బాగానే సాగింది. కోవిడ్‌లో అకాడమీ ఫీజులు ఆగాయి, టర్ఫ్ లీజు ఆగలేదు, బ్యాంకు కిస్తీలు ఆగలేదు. 2022 మార్చి నుంచి నా జీతం ఆగింది. సెప్టెంబరు చివర్లో గేటుకు తాళం పడింది. అంటే ఏడు నెలలు, 1,26,000 రూపాయలు.

అప్పటికి నాకు తెలిసిన చట్టం ఆఫ్‌సైడ్ ఒక్కటే. ఒక వకీలు దగ్గరికి వెళ్ళి కంపెనీ మీద దివాలా కేసు వేద్దామంటే నవ్వాడు. 2020 మార్చి నుంచి కోటి రూపాయల బాకీ ఉంటే తప్ప ఆ తలుపు తెరుచుకోదట, అంతకుముందు లక్ష ఉంటే చాలట. అయినా నేను వేయనక్కర్లేకపోయింది. బ్యాంకే వేసింది. కంపెనీని కొనడానికి ఎవరూ ముందుకు రాలేదు. 2023 ఆగస్టులో లిక్విడేషన్ ఆర్డరు వచ్చింది, అంటే కంపెనీని మూసి, ఆస్తులు అమ్మి బాకీలు తీర్చమని. నాగోల్ దాటాక బండ్లగూడలో కార్పొరేట్ భవన్ ఉంది కదా, అక్కడ కంపెనీల కేసులు చూసే ట్రిబ్యునల్, ఎన్‌సీఎల్‌టీ బెంచి నుంచి. తిరుమలగిరి నుంచి రెండు బస్సులు మారి పోవాలి. నేను రెండుసార్లు పోయాను, రెండుసార్లూ వాయిదా. ఇంకెవరైనా ఇందులో పడితే ఒక మాట: అక్కడికి పోవడం వల్ల మనకు పెద్దగా ఒరిగేదేమీ లేదు. మన పని ఉండేది ఆ అమ్మకాలు, బాకీలు చూసే లిక్విడేటర్ దగ్గర.

ప్రకటన ఒక ఇంగ్లిషు పేపర్లో, ఒక తెలుగు పేపర్లో వస్తుంది. ఆర్డరు తేదీ నుంచి 30 రోజుల్లో క్లెయిమ్ వేయాలి. ఉద్యోగులకు ఫారం ఈ, సరుకు అమ్మినవాళ్ళకు ఫారం సీ. మాకు అపాయింట్‌మెంట్ లెటర్లు ఎవరిచ్చారు? నేను బ్యాంకు స్టేట్‌మెంట్ తీయించి, ప్రతి నెలా పడిన 18,000 మీద పచ్చ స్కెచ్చుతో గీతలు గీసి, ఎండిపోయిన ఏడు నెలల పక్కన అటెండెన్స్ ఫోటోలు అంటించి పంపాను. లిక్విడేటర్ మేడమ్ మంచి మనిషే. ఫోను చేసి, “మీ క్లెయిమ్ ఒప్పుకుంటున్నాం, కానీ వరస చూసుకోండి” అన్నారు.

ఆ వరస దివాలా చట్టం 53వ సెక్షన్‌లో ఉంటుంది. నీళ్ళ ట్యాంకర్ దగ్గర బిందెల లైను అనుకోండి. ముందు ఈ ప్రక్రియ ఖర్చులు. తర్వాత బ్యాంకు, దాంతో సమానంగా కార్మికుల 24 నెలల బాకీ. ఆ తర్వాత మిగతా ఉద్యోగుల 12 నెలల జీతం. ఆ వెనక ఇంకా చాలామంది. ఇక్కడ నాకో సంగతి తెలిసింది. కోచ్ కార్మికుడి కింద రాడట, ఉద్యోగి అట. గడ్డి కోసి సున్నం గీతలు వేసే మా గ్రౌండన్న కార్మికుడు. ఆయన బిందె నా బిందెకంటే ముందుంది. అదీగాక 12 నెలలంటే ఆర్డరు తేదీ నుంచి వెనక్కి లెక్క. ఆర్డరు 2023 ఆగస్టులో వచ్చింది కాబట్టి నా ఏడు నెలల్లో ఆగస్టు, సెప్టెంబరు మాత్రమే అందులో పడ్డాయి. మిగతా ఐదు నెలలు లైను తోకకు పోయాయి. గ్రౌండన్నకు 24 నెలల లెక్క కాబట్టి మొత్తం పడింది. “అన్నా, పదిహేనేండ్ల సంది నువ్వు నన్ను సున్నం సక్కగ గీయమని తిట్టినవ్, ఇప్పుడు సూడు” అని నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది. ఈ రోజుకు ఆయనకు కొంత ముట్టింది. నాకు ఏమీ రాలేదు, వస్తుందనీ లేదు.

డబ్బు సంగతి ఇంతటితో వదిలేస్తాను. నన్ను పట్టి కుదిపింది ఆ 17వ నంబరు.

ఆ రాత్రి గ్లాస్గోలో చదువుకుంటున్న మా మేనల్లుడికి ఫోను చేశాను. వాడు గోవన్ అనే పేటలో ఉంటాడు. రేంజర్స్ అనే ఫుట్‌బాల్ క్లబ్బు ఆడే ఐబ్రాక్స్ స్టేడియం ఆ పేటలోనే. లిక్విడేషన్ అన్న మాట నా నోట్లోంచి రాగానే వాడు, “మామా, నెమ్మదిగా మాట్లాడు. ఈ ముచ్చట ఇక్కడ తెస్తే కొట్లాటలైతయ్” అన్నాడు.

వాడు సాయంత్రాలు పనిచేసే సూపర్‌మార్కెట్‌లో ఒకాయన రేంజర్స్ మనిషి, ఇంకొకాయన అదే ఊళ్ళో దానికి పోటీ క్లబ్బు సెల్టిక్ మనిషి. టీ తాగేచోట మావాడు తెలియక, “మీ క్లబ్బు ఒకసారి దివాలా తీసిందట కదా” అని అడిగాడట. అంతే, ఇద్దరూ మొదలుపెట్టారట. ఒకాయన “కంపెనీ పోయింది, క్లబ్బు కాదు” అంటే, రెండో ఆయన “మీ క్లబ్బు 2012లో చచ్చింది, మీరు కొత్త కంపెనీ, సెవ్‌కో” అన్నాడట. మావాడు టీ అక్కడే వదిలేసి వచ్చాడట.

తర్వాత రెండు మూడు వారాలు నేను ఆ కథంతా తవ్వాను. నిద్ర పట్టని రాత్రులు ఎలాగూ ఉన్నాయి.

రేంజర్స్ 1872లో పుట్టింది. కంపెనీ అయింది 1899లో. 2011లో క్రెయిగ్ వైట్ అనే ఆయన దాన్ని ఒక్క పౌండుకు కొన్నాడు, అప్పులతో సహా. 2012 ఫిబ్రవరి 14న అడ్మినిస్ట్రేషన్‌లోకి, అంటే దివాలా అధికారుల చేతికి పోయింది. బాకీ రావాల్సినవాళ్ళు రాజీకి ఒప్పుకుంటే అదే కంపెనీ బతికేది, కానీ జూన్‌లో అక్కడి పన్నుల శాఖ అడ్డం తిరిగింది. దాంతో చార్ల్స్ గ్రీన్ బృందం పెట్టిన సెవ్‌కో అనే కొత్త కంపెనీ గ్రౌండు, పేరు, మిగతా ఆస్తులు 55 లక్షల పౌండ్లకు కొనేసింది. పాత కంపెనీ పేరు మార్చుకుని అక్టోబరు 31న లిక్విడేటర్ల చేతికి పోయింది. ఇదే గ్రీన్, ఒప్పందం కుదరకపోతే చరిత్ర అంతా తుడిచిపెట్టుకుపోతుందని ముందు భయపెట్టాడు. కుదరలేదు. అప్పుడు చరిత్రను కూడా తానే కొన్నానన్నాడు. వ్యాపారస్తుడి నాలుక ఎక్కడైనా ఒకటే అనుకున్నాను.

పై డివిజన్ క్లబ్బులు కొత్త కంపెనీని రానివ్వలేదు. నాలుగో మెట్టు, అంటే థర్డ్ డివిజన్ నుంచి మొదలుపెట్టుకోమన్నారు. పీటర్‌హెడ్ అనే చిన్న ఊళ్ళో మొదటి లీగ్ మ్యాచ్ 2–2. వారం తర్వాత ఐబ్రాక్స్‌లో ఈస్ట్ స్టర్లింగ్‌షైర్ మీద ఆడితే 49,118 మంది వచ్చారు. నాలుగో డివిజన్ మ్యాచ్‌కి! నేను ఈ అంకె చూసి ఫోను పక్కన పెట్టి కాసేపు ఊరికే కూర్చున్నాను. మా పై డివిజన్ మ్యాచ్‌లకు ఆటగాళ్ళ అన్నదమ్ములు, సమోసాలతను కలిపితే నలభై మంది వచ్చేవాళ్ళు.

పాత 54 లీగ్ టైటిళ్ళ సంగతి ఏమైందంటే, లీగ్ వేసిన విచారణ సంఘానికి రిటైర్డ్ జడ్జి లార్డ్ నిమ్మో స్మిత్ పెద్ద. క్లబ్బు అంటే ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి పోయినా సాగిపోయే వ్యవహారమని, నడిపే కంపెనీ వేరని ఆయన తేల్చాడు. టైటిళ్ళు తీసేయలేదు. 2021లో గెలిచినదాన్ని 55వదిగానే లెక్కేశారు. సెల్టిక్ వాళ్ళు ఇవాళ్టికీ ఒప్పుకోరు. వాళ్ళ వాదనా తీసిపారేసేది కాదు. 1899 నుంచి క్లబ్బూ కంపెనీ ఒకటే అయ్యాయి, బాకీలు ఎగ్గొట్టేటప్పుడు “అది వేరే” అని, కప్పులు లెక్కపెట్టేటప్పుడు “ఇది మాదే” అంటే ఎలా అని వాళ్ళ ప్రశ్న. ఏడు నెలల జీతం పోయినవాడిగా ఆ మాట నాకు సూటిగా తగిలింది. నా బాకీ కంపెనీది, కప్పులు క్లబ్బువి అంటే నాకు నేనే నామం పెట్టుకున్నట్టు కదా.

కానీ 1872కూ 1899కీ మధ్య 27 ఏళ్ళు ఆడింది ఎవరు? కంపెనీ లేనప్పుడు క్లబ్బు ఉందంటే, కంపెనీ పోయాక కూడా ఉండొచ్చు. మాదీ అంతే. 1968 నుంచి 2016 దాకా మాకు కంపెనీయే లేదు.

ఈ మాట మా పాత ఆటగాళ్ళ దగ్గర ఎత్తాను. మేం పదిమందిమి ఆదివారం పొద్దున సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర ఒక ఇరానీ హోటల్లో కలుస్తాం. మా పాత సెంటర్ ఫార్వర్డ్ ఉస్మానియా బిస్కెట్ చాయ్‌లో ముంచుతూ, “గ్లాస్గో దాకా ఎందుకురా? డెక్కన్ చార్జర్స్ ఏమైంది?” అన్నాడు.

అందరం ఒక్కసారి గప్‌చుప్. నిజమే. 2009లో జొహానెస్‌బర్గ్‌లో గిల్‌క్రిస్ట్ చేతిలో ఐపీఎల్ క్రికెట్ కప్పు. బెంగళూరు మీద 6 పరుగుల గెలుపు. ఆ రాత్రి మా గల్లీలో కాల్చిన పటాకుల పొగ నాకు గుర్తుంది. 2012 సెప్టెంబరులో క్రికెట్ బోర్డు ఆ ఫ్రాంచైజీని రద్దు చేసింది. రేంజర్స్ పడిన ఏడే. తర్వాత సన్‌రైజర్స్ వచ్చింది. అదే ఊరు, అదే ఉప్పల్ స్టేడియం, అయినా 2009 కప్పును సన్‌రైజర్స్ ఖాతాలో ఎవరూ వేయరు, వాళ్ళూ అడగలేదు. వాళ్ళ కప్పు 2016దే. ఊరు మాత్రం రెండూ తనవే అనుకుంటుంది.

“మరి హైదరాబాద్ ఎఫ్‌సీ?” అని ఇంకొకడు. అది నొప్పి మీద నొప్పి. పుణె క్లబ్బు మూతపడితే 2019లో ఐఎస్ఎల్ ఫుట్‌బాల్ లీగ్‌లో ఆ చోటు హైదరాబాద్‌కు వచ్చింది. 2022 మార్చి 20న మడ్‌గావ్‌లో ఫైనల్. 88వ నిమిషంలో సాహిల్ తవోరా కొట్టిన గోలుతో 1–1, పెనాల్టీల్లో మన గోల్‌కీపరు కట్టిమణి మూడు ఆపాడు. కేరళ మీద ఐఎస్ఎల్ కప్పు మనది. 2025కల్లా ఆ క్లబ్బు ఢిల్లీకి పోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. ఇప్పుడు ఆ 2022 కప్పు గచ్చిబౌలిదా, ఢిల్లీదా? పేపరు మీద ఎవరిదైనా కావచ్చు. ఢిల్లీలో కట్టిమణి కోసం గొంతు చించుకున్నవాడు ఒక్కడున్నాడా?

లండన్‌లో ఇలాగే వింబుల్డన్ క్లబ్బును ఊరు దాటించి మిల్టన్ కీన్స్ తీసుకుపోయారు. అభిమానులు 2002లో తొమ్మిదో మెట్టు నుంచి సొంత క్లబ్బు పెట్టుకున్నారు. 2007లో ఆ మిల్టన్ కీన్స్ వాళ్ళే 1988 ఎఫ్ఏ కప్పు గుర్తులతో సహా పాత గెలుపులన్నీ వింబుల్డన్ ఉండే మెర్టన్ బరో కౌన్సిల్‌కు తిరిగి ఇచ్చేశారు. ఇది చెబితే సెంటర్ ఫార్వర్డ్ నా వైపు చూసి, “అంటే ఇచ్చేయొచ్చన్నమాట” అన్నాడు. మా పని అక్కడే మొదలైంది.

మేడమ్ దగ్గరికి మళ్ళీ వెళ్ళాం. కప్పులు కంపెనీవి కావు, కంపెనీ రాకముందు క్లబ్బును నడిపిన మా రిజిస్టర్డ్ సొసైటీవి అన్నాం. ఆమె చట్టం పుస్తకం తిప్పి 36వ సెక్షన్ నాలుగో క్లాజు చూపించారు. కంపెనీ దగ్గర ఉన్నా వేరేవాళ్ళ సొత్తయితే అది వేలంలోకి రాదు. “కానీ కాగితం కావాలి. అవి సొసైటీవని, కంపెనీకి దాచిపెట్టమని మాత్రమే ఇచ్చారని.”

కాగితం ఎక్కడిది? 2016లో పెట్టిన సంతకాలన్నీ “క్లబ్బుకు సంబంధించిన సమస్తం” అని ఒకే వాక్యంలో ఉన్నాయి. నేను నీరుగారిపోయాను. చాచా మాత్రం ఏమీ అనకుండా లేచి ఇంటికి పోయారు. మర్నాడు ప్లాస్టిక్ కవరులో చుట్టిన నోట్‌బుక్ తెచ్చారు. పిల్లలు రాసుకునే రెండు వందల పేజీల రూల్డ్ నోట్‌బుక్. అట్ట మీద సగం చిరిగిన లేబులు. లోపల మొదటి ఆరు పేజీల్లో ఒక్కో కప్పుకు ఒక్కో లైను. ఏ టోర్నమెంటు, ఏ సంవత్సరం, ఫైనల్లో ఎవరి మీద, ఎత్తు ఎన్ని అంగుళాలు, చెవి విరిగి ఉంటే “ఎడమ చెవి లేదు” అని. సగం ఉర్దూ, సగం తెలుగు. చివర ఒక రూపాయి రెవెన్యూ స్టాంపు, దాని మీద అడ్డంగా ఆ పెద్దమనిషి సంతకం. పైన చాచా చేతిరాత: “పై కప్పులు చూసుకొనుటకు మాత్రమే ఇచ్చితిమి. అడిగినప్పుడు తిరిగి ఇవ్వవలెను.”

“ఇది ఎప్పుడు రాయించుకున్నరు చాచా?”

“మీరు చప్పట్లు కొడుతున్నప్పుడు” అన్నారు.

మేడమ్ ఆ పేజీలు ఫోటో తీసుకుని, సొసైటీ ఇంకా బతికే ఉందా అని అడిగారు. 1971 నాటి రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ నిజాం కాలపు 1350 ఫస్లీ చట్టం కింద ఇచ్చినది. 2001లో కొత్త చట్టం వచ్చినా పాత సొసైటీలు చెల్లుతాయి. ఏళ్ళ తరబడి ఇవ్వని లిస్టులన్నీ కట్టకట్టి ఇవ్వడానికి మాకు నాలుగు నెలలు పట్టింది. ఆ కాలయాపన సంగతి రాస్తే ఇంకో వ్యాసమవుతుంది. మొత్తానికి 17వ నంబరు కొట్టేశారు. గోడౌన్‌లో కప్పులు లెక్కబెట్టుకుంటే 61లో 58 మావి. మూడు రన్నింగ్ ట్రోఫీలు, ఎప్పుడో అసోసియేషన్‌కు తిరిగి ఇవ్వాల్సినవి మా వాళ్ళు మరిచిపోయి దాచుకున్నారు. వాటిని తలవంచుకుని ఇచ్చొచ్చాం. నిజాయితీగా చెప్పాలంటే ఒకటి ఇవ్వబుద్ధి కాలేదు.

కప్పులు వచ్చాయి గానీ పేరు రాలేదు. పేరు, లోగో మాత్రం కంపెనీ చెన్నై ట్రేడ్‌మార్క్ ఆఫీసులో తన పేరున రిజిస్టరు చేయించుకుంది. అది కంపెనీ ఆస్తే, అందులో వాదన లేదు. మొదటి ఆన్‌లైన్ వేలంలో రిజర్వ్ ధర 40,000. ఎవరూ రాలేదు. రెండోసారి 25 శాతం తగ్గించి 30,000 పెట్టారు. ఇటలీలో ఫియోరెంటీనా అనే ఫుట్‌బాల్ క్లబ్బు ఇలాగే 2002లో దివాలా తీసి, కొత్త పేరుతో కింది డివిజన్‌లో ఆడి, మరుసటి ఏడు పాత పేరును 25 లక్షల యూరోలకు కొనుక్కుంది. మాది ముప్పై వేలు, పైన 18 శాతం జీఎస్టీ, మొత్తం 35,400. పదిమంది పాత ఆటగాళ్ళం తలా 3,540 వేసుకున్నాం. సెంటర్ ఫార్వర్డ్ మాత్రం 3,500 ఇచ్చి నలభై తర్వాత ఇస్తానన్నాడు, ఇంకా ఇవ్వలేదు.

వేలంలో పాల్గొనాలంటే 29ఏ సెక్షన్ కింద అఫిడవిట్ ఇవ్వాలి. నేను కావాలని అప్పులు ఎగ్గొట్టినవాణ్ణి కాదు, కంపెనీ డైరెక్టరుగా ఉండకుండా నిషేధం లేదు, అలాంటివి రెండు పేజీలు. చాచా సొసైటీ తరఫున సంతకం పెట్టాలి. నోటరీ దగ్గర ఒక్కో లైను చదివి వినిపిస్తుంటే, “పాన్ డబ్బాల పన్నెండు రూపాయలు బాకీ ఉన్న, అది రాయాల్నా?” అని అడిగారు. నోటరీ పెన్ను కింద పెట్టి నవ్వాడు.

మూడోది గుర్తింపు. ఇక్కడ ఓడిపోయాం. పై డివిజన్‌లో మా చోటు 2016లోనే కంపెనీ పేరు మీదికి మారింది. రేంజర్స్ కొత్త కంపెనీకి స్కాట్లాండ్ అసోసియేషన్ పాత సభ్యత్వాన్ని షరతులతో బదిలీ చేసింది. మాకు అలాంటిదేమీ లేదు. కొత్త జట్టుగా అప్లికేషన్ పెట్టుకోండి, అన్నింటికంటే కింది డివిజన్ నుంచి ఆడండి అన్నారు. ఫారంలో “స్థాపించిన సంవత్సరం” అన్న గడి ఉంది. నేను 1968 అని రాశాను. కౌంటరు దగ్గర కుర్రాడు రుజువు అడిగితే ఫస్లీ సర్టిఫికెట్ ఇచ్చాను. అటూ ఇటూ తిప్పి చూసి, “సార్, ఇందుల 1350 అని ఉంది. అప్పుడు ఫుట్‌బాల్ యాడిది?” అన్నాడు. అది నిజాం కాలపు లెక్క, మన లెక్కలో 1940 చిల్లర, చట్టం వచ్చిన ఏడు అది అని చెప్పేసరికి వెనక లైను పెరిగిపోయింది. “సరే తియ్యండి, 1968” అని ముద్ర వేశాడు. చరిత్ర మీద మాకు వచ్చిన తీర్పు అదే. నిమ్మో స్మిత్ అంత పెద్దది కాదు.

కిందటి సీజన్ మొదటి మ్యాచ్ పొద్దున ఏడు గంటలకు. గ్రౌండన్న సున్నం వంకరగానే గీశాడు. 3–1తో ఓడాం. మ్యాచ్ అయ్యాక చాచా తన రిజిస్టరు తీశారు. 1968 నుంచి ప్రతి మ్యాచ్ అందులో ఉంది. తేదీ, స్కోరు, గోలు కొట్టినవాడి పేరు. ఇప్పుడు అది నాలుగో పుస్తకం. నేను పేజీలు తిప్పుతుంటే 2016 దగ్గర ఆగిపోయింది. అక్కడ నుంచి నలభై పేజీలు ఖాళీ.

కంపెనీ వచ్చాక రిజిస్టరు అక్కర్లేదన్నారు. అంతా లాప్‌టాప్‌లో ఉంటుందన్నారు. ఆ లాప్‌టాప్‌లు వేలంలో 9వ నంబరు కింద పోయాయి, లోపల తుడిచేసి ఇచ్చారు. వెబ్‌సైట్‌కు డబ్బు కట్టేవాడు లేక అదీ పోయింది. చెక్కు చెదరకుండా ఉన్నవి చాచా రాసిన 48 ఏళ్ళు. పోయినవి కంపెనీ నడిపిన ఆరేళ్ళు. అందులో 2019 ఉంది, మా క్లబ్బు ఆడినన్ని ఏళ్ళలో అంత బాగా ఆడింది ఇంకోటి లేదు, నేనే కోచ్‌ని. ఆ ఏడు ఎన్ని గెలిచామో ఇప్పుడు నాకు సరిగా చెప్పడం రాదు. పదహారో పదిహేడో.

“ఈ నలభై పేజీలు నువ్వే నింపు” అని చాచా రిజిస్టరు నా చేతిలో పెట్టారు.

ఆరు నెలలుగా అదే పని. అప్పటి కుర్రాళ్ళు ఒకడు దుబాయ్‌లో, ఒకడు కొంపల్లిలో కార్ల షోరూంలో, ఇద్దరు పోలీసు ఉద్యోగంలో. పాత ఫోన్లలోంచి ఫోటోలు పంపుతున్నారు. వెనక స్కోరు బోర్డు కనిపిస్తే పండగ. 2019లో ఇప్పటికి పదకొండు మ్యాచ్‌లు నింపాను. సెమీఫైనల్ దగ్గర చిక్కుకుపోయాను. 2–1తో గెలిచామని అందరూ ఒప్పుకుంటారు. దుబాయ్ నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది, “సార్, రెండో గోల్ నాదే, హెడ్డర్, మీరే కౌగిలించుకున్నరు కదా” అని. కొంపల్లివాడు అది తన ఫ్రీకిక్ అంటున్నాడు. తన మీదా ఒట్టు, వాళ్ళమ్మ మీదా ఒట్టు. నేను కౌగిలించుకున్నది ఇద్దరినీ. ఆ గడిలో పెన్సిలుతో రెండు పేర్లూ రాసి పెట్టాను.